షెడ్డుకి అప్పు పుట్టకపోతే కుర్రాళ్లకి పనెక్కడ?

నిరుద్యోగం మాట వస్తే అందరూ డిగ్రీలు, స్కిల్స్, నోటిఫికేషన్లు అంటారు గానీ బ్యాంకు అప్పుల సంగతి ఎవరూ ఎత్తరు. నాకైతే సగం సమస్య అక్కడే ఉందనిపిస్తుంది.

మా బావకి బాలానగర్‌లో చిన్న షెడ్డు ఉంది, లేత్ మిషన్ల మీద జాబ్ వర్క్ చేయిస్తాడు. ఆర్డర్లకి కొదవ లేదు. కానీ రాడ్లు కొనాలంటే అప్పటికప్పుడు డబ్బు కట్టాలి, పనివాళ్లకి శనివారం శనివారం కూలీ ఇవ్వాలి, సరుకు తీసుకున్న పెద్ద కంపెనీ మాత్రం మూడు నెలలకి గానీ బిల్లు వదలదు. 45 రోజులు దాటకూడదని 2006 నాటి చట్టం ఉంది, గట్టిగా అడిగితే వచ్చే ఆర్డరు పోతుందని ఎవరూ అడగరు. ఈ మూడు నెలలు గట్టెక్కించేది బ్యాంకు ఇచ్చే సీసీ లిమిటే (క్యాష్ క్రెడిట్, అంటే ఒక హద్దు వరకు కావాల్సినప్పుడల్లా వాడుకునే అప్పు). దాన్ని పెంచమని వెళ్తే ఇంటి కాగితాలు తెమ్మన్నారు. చిన్న యూనిట్లకి 10 లక్షల వరకు తనఖా అడగొద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది, కానీ రేపు అప్పు మునిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది తనేనని మేనేజరు భయం. బావ రెండో షిఫ్టు ఆలోచన మానుకున్నాడు. దానికోసం మాట్లాడి పెట్టుకున్న ఐటీఐ కుర్రాళ్లు ఇప్పుడు బైకుల మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నారు.

ఆ భయం ఊరికే రాలేదు. 2008కి అటూ ఇటూ పవర్ ప్లాంట్లకి, రోడ్లకి, స్టీలుకి ఎడాపెడా అప్పులిచ్చారు. 2015లో రిజర్వ్ బ్యాంకు ఖాతాలు తిరగేయించేసరికి మొండి బకాయిలు బయటపడ్డాయి, 2018 మార్చికి మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో పదకొండు బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు ఆంక్షల కిందకి వెళ్లాయి. ఎగ్గొట్టినవాళ్లు వేలకోట్ల వాళ్లు, ఆ దెబ్బ మాత్రం పది లక్షలు అడిగేవాడికి కూడా తగిలింది, అదీ నోట్ల రద్దుతో, జీఎస్టీతో సతమతమవుతున్న రోజుల్లో.

ముద్ర లోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, 2015 నుంచి. సంఖ్యలో ఎక్కువ భాగం 50 వేల లోపు శిశు లోన్లే. కుట్టు మిషనో టిఫిన్ బండో వస్తుంది, ఒక ఇల్లు గడుస్తుంది, అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఇంకొకరిని జీతానికి పెట్టుకునేంత పెట్టుబడి కాదది.

అలాగని అప్పు కుమ్మరిస్తే పనులు పుట్టుకొస్తాయని నేననను. ఆదాయం పెరగకుండా అప్పు మీద అప్పు పెరిగితే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణాల గొడవలో చూశాం, వారం వారం వాయిదాలు కట్టలేక ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో. ఆర్డరు చేతిలో ఉన్నవాడికి సమయానికి అందే అప్పు వేరు. అతని జీఎస్టీ రిటర్నులు, ఇన్‌వాయిస్‌లు బ్యాంకు కళ్లెదుటే ఉంటాయి, ఇంటి కాగితాల బదులు వాటిని చూసి ఇవ్వాలి. బిల్లుల మీద ముందే డబ్బిచ్చే ట్రెడ్స్ ఏర్పాటు కూడా ఉంది, 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు అందులో చేరాల్సిందే. షెడ్డు నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ సరుకు కొనే కంపెనీ అందులో చేరిందో లేదో ఈ వారమే కనుక్కోండి.