ఎంబీఏ కాలేజీలో ఇంక్యుబేటర్ నడపాలంటే

కాలేజీలో ఇంక్యుబేటర్, అంటే కొత్త వ్యాపారాలకు (స్టార్టప్‌లకు) చోటూ సలహా ఇచ్చి నిలబెట్టే కేంద్రం, పెడదామని యాజమాన్యం అనుకోగానే మాటలన్నీ గది చుట్టూ తిరుగుతాయి. ఏ అంతస్తు, ఎన్ని కుర్చీలు, గోడ మీద ఏం రాయించాలి. అంతకంటే ముందు తేల్చాల్సింది ఇది ఎవరి పేరు మీద నడుస్తుందన్నది. ట్రస్టు లేదా సొసైటీ ఖాతాలోనే నడిపితే మొదట్లో సాఫీగానే ఉంటుంది. తర్వాత ఒక స్టార్టప్‌కి రెండు లక్షలు ఇవ్వాలన్నా ఫైలు అకౌంట్స్ సెక్షన్, ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ బల్లలన్నీ తిరిగి రావాలి. స్టార్టప్‌లో వాటా తీసుకుంటే ఆ షేర్లు ఎవరి పేరున పెట్టాలన్నది ఇంకో పేచీ. అందుకే కంపెనీల చట్టం 2013 సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా విడిగా రిజిస్టర్ చేయించండి. బోర్డులో కాలేజీ నుంచి ఇద్దరు, బయట సొంతంగా వ్యాపారం నడిపినవారు ఒకరు, వీలైతే ఒక సీఏ ఉండాలి. ఎంత మొత్తం వరకు సీఈఓ, ఒక డైరెక్టర్ సంతకాలు చాలో మొదటి బోర్డు మీటింగ్‌లోనే తీర్మానం రాయించుకోండి. ఐదు లక్షల వరకు అని పెట్టుకుంటే రోజువారీ పని ఆగదు.

సీఈఓ పని పూర్తికాలం పని. వారానికి 12 గంటలు క్లాసులున్న ప్రొఫెసర్‌కి దీన్ని అదనపు బాధ్యతగా అంటగడితే రెండూ చెడతాయి. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం ఇంక్యుబేటర్లకు పెట్టిన షరతులు చూడండి: కనీసం రెండేళ్లుగా నడుస్తుండాలి, 25 మంది కూర్చునే చోటుండాలి, కనీసం ఐదు స్టార్టప్‌లు అక్కడే ఉండి పనిచేస్తుండాలి, పూర్తికాలపు సీఈఓ ఉండాలి. ఏ ప్రభుత్వ పథకానికి వెళ్లినా ఇలాంటివే అడుగుతారు. కాబట్టి హాజరు పుస్తకం, అగ్రిమెంట్లు, బోర్డు మినిట్స్ మొదటి రోజు నుంచే ఫైలు చేయండి. రెండేళ్ల తర్వాత వెనక్కి వెళ్లి కాగితాలు పుట్టించలేం.

ఇక ఎంపిక. ఇంజినీరింగ్ కాలేజీకి లేని చిక్కొకటి బిజినెస్ స్కూల్‌కి ఉంది. ఇక్కడ బిజినెస్ ప్లాన్ పోటీలు ఎక్కువ. స్లైడ్ల మీద అరచేతిలో వైకుంఠం చూపించడం మార్కెటింగ్ చదివేవాళ్లకు వచ్చిన విద్యే. దానికి మార్కులు వేయవచ్చు, ఇంక్యుబేటర్‌లో సీటు మాత్రం ఇవ్వకూడదు. పోటీలో గెలిచిన జట్టును నేరుగా తెచ్చి కూర్చోబెడితే ప్లేస్‌మెంట్లు మొదలవగానే అందులో ఇద్దరు కనిపించరు. ఆ పిల్లల్ని తప్పు పట్టడానికి లేదు, వాళ్లు పోటీకి వచ్చారు, వ్యాపారానికి కాదు.

ఇంటర్వ్యూకి 20 నిమిషాలు చాలు, స్లైడ్లు వద్దు. మూడు విషయాలు అడగండి. గత నెలలో ఎంతమంది కొనేవాళ్లతో మాట్లాడారు, అందులో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా? ఈ సమస్యకు ఇవాళ వాళ్లు ఎంత ఖర్చు పెడుతున్నారు? క్యాంపస్‌లో ఏడాదికి తొమ్మిది లక్షల ఆఫర్ వస్తే మీరేం చేస్తారు, ఇంట్లో ఏమంటారు? ఈ మూడోది అభ్యర్థిని తీసేయడానికి అడిగే ప్రశ్న కాదు. ఎడ్యుకేషన్ లోన్ మీద చదివే విద్యార్థికి ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తేనే, ఆలోపు ఏం సాధించాలో మీరూ వాళ్లూ కలిసి లెక్క వేసుకోగలరు. 2019 నాటి జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ ప్రకారం విద్యార్థికి సెమిస్టర్ లేదా ఏడాది బ్రేక్ ఇవ్వవచ్చు, కాలేజీ చిరునామా మీద కంపెనీ రిజిస్టర్ చేసుకోనివ్వవచ్చు. ఈ రెండూ మీ అకడమిక్ కౌన్సిల్‌లో ముందే ఆమోదం పొందకపోతే అవసరం పడ్డ రోజున ఎవరూ సంతకం పెట్టరు.

విద్యార్థులకు ముందు 12 వారాల ప్రీ-ఇంక్యుబేషన్, అంటే ఆలోచనను పరీక్షించుకునే తొలి దశ, పెట్టండి. కంపెనీ వద్దు, వాటా వద్దు, చెక్కూ వద్దు. అసలు బ్యాచ్‌లో కనీసం సగం మంది బయటివాళ్లుండాలి: పదేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, ఊళ్లో డీలర్‌షిప్ నడిపినవాళ్లు. పక్క బల్ల మీద ఒకాయన పాత బాకీ వసూలుకు ఫోన్‌లో ఎలా మాట్లాడుతున్నాడో వింటే విద్యార్థికి వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు) పాఠం అక్కడే అర్థమవుతుంది. ఒక మేనేజరు ఒకేసారి ఎనిమిది స్టార్టప్‌లకు మించి చూడలేరు. సంఖ్య పెంచుకుంటే నివేదికలో బాగుంటుంది, పని పలచబడుతుంది.

బిజినెస్ స్కూల్ నిజంగా ఇవ్వగలిగేది లెక్క. మొదటి నెలలోనే ప్రతి ఫౌండర్‌తో (స్టార్టప్ పెట్టినవారితో) ఒక ప్యాకెట్ లెక్క కాగితం మీద వేయించండి. ఉదాహరణకు రాగిజావ మిక్స్, 250 గ్రాములు, ఎంఆర్‌పీ 120 రూపాయలు. జీఎస్టీ 5 శాతం అనుకుంటే అది పోగా 114. దుకాణానికి 24, డిస్ట్రిబ్యూటర్‌కి 10 పోతే చేతికొచ్చేది 80. సరుకు 28, వేయించి మర పట్టించడానికి 6, పౌచ్, లేబుల్, అట్టపెట్టె కలిపి 11, రవాణా 5. మొత్తం 50. మిగిలింది 30. తేదీ దాటి వెనక్కొచ్చేవీ చిరిగినవీ కలిపి ప్యాకెట్‌కి 4 తీసేస్తే 26. ఇక్కడిదాకా ఫౌండర్ ముఖంలో కళ ఉంటుంది. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో రుచి చూపించి అమ్మే అమ్మాయికి రోజుకు 800 అనుకోండి. రోజంతా నిలబడితే 25 ప్యాకెట్లు పోయాయి. ప్యాకెట్‌కి 32. అంటే ఒక్కో ఇంటికి అమ్మిన మొదటి ప్యాకెట్ మీద ఆరు రూపాయలు నష్టం.

మరి ఈ వ్యాపారం మూసేయాలా? అక్కర్లేదు. రుచి చూసి కొన్న ఇంటివాళ్లు మళ్లీ రెండుసార్లు కొంటే మూడు ప్యాకెట్ల మీద 78 వస్తుంది, రుచి చూపించిన ఖర్చు 32 పోతే 46 మిగులుతుంది. ఒక్కసారి కొని మానేస్తే మైనస్ ఆరు. కాబట్టి చూడాల్సింది ఈ నెల ఎన్ని ప్యాకెట్లు పోయాయన్నది కాదు, కొన్నవాళ్లలో ఎంతమంది రెండోసారి వచ్చారన్నది. ప్యాకెట్ లోపల వాట్సాప్ నంబర్ ఉన్న చిన్న చీటీ పెట్టించి, 30 రోజుల తర్వాత వాళ్లకు ఫోన్ చేయించండి. ఆ ఫోన్లు ఫౌండరే చేయాలి. ఇంటర్న్‌కి అప్పగిస్తే “బాగుందన్నారు సార్” అనే ఒక్క వాక్యం తిరిగొస్తుంది. అయిపోయిందా, ఇంకా డబ్బాలోనే ఉందా, ఎవరు తాగారు, పిల్లలు ఎందుకు వద్దన్నారు అన్నవి రావు.

మన దగ్గర లేనిది ల్యాబ్. దాన్ని కట్టబోవద్దు. హైదరాబాద్‌లో ఉంటే వస్తువు నమూనా తయారీకి రాయదుర్గంలోని టీ-వర్క్స్, చిరుధాన్యాలకు రాజేంద్రనగర్‌లోని మిల్లెట్స్ పరిశోధన సంస్థ నడిపే న్యూట్రిహబ్ ఉన్నాయి. ఫౌండర్‌ని అక్కడికి పంపి, ధర, అమ్మకం, బాకీల సంగతి మీరు చూసుకోండి. బెంగళూరు ఐఐఎంలో 2000లో మొదలైన ఎన్‌ఎస్‌ఆర్‌సెల్ అనే ఇంక్యుబేటర్ కూడా ఒక మేనేజ్‌మెంట్ స్కూల్లో పుట్టిందే.

ఫౌండర్లకు దారి చూపే మెంటర్లు 40 మంది పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టడం తేలిక. నెలకు రెండు గంటలు నిజంగా ఇచ్చేవాళ్లు ఎనిమిది మంది దొరికితే గొప్ప. సెషన్ 45 నిమిషాలు, ముందురోజు ఫౌండర్ ఒక ప్రశ్న రాసి పంపాలి, అయ్యాక మూడు వాక్యాల నోట్ రాయాలి. ప్రశ్న లేకపోతే సెషన్ రద్దు. ఒకే వారంలో ముగ్గురు మెంటర్లు మూడు దారులు చూపిస్తే కుర్ర ఫౌండర్ మూడింటిలోనూ ఒక్కో అడుగు వేసి ఆగిపోతాడు. అందుకే ఒక్కో స్టార్టప్‌కి ఒక ప్రధాన మెంటర్‌ని పెట్టి, మిగతావాళ్ల సలహా ఆయన ద్వారానే రానివ్వండి. మెంటర్ పెట్టుబడి పెట్టాలనుకుంటే ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఆ రోజు నుంచి ఎంపిక కమిటీలో కూర్చోకూడదు.

వాటా విషయంలో కాలేజీలు చేసే పొరపాటు స్టార్టప్‌ని కొన్నేళ్ల తర్వాత దెబ్బతీస్తుంది. పైన చెప్పిన పాలసీ 2 నుంచి 9.5 శాతం వరకు అనుమతిస్తుంది. పై అంకె ఉంది కదా అని 9.5 అడిగేస్తారు. బల్ల, ఇంటర్నెట్, మెంటర్లు మాత్రమే ఇస్తున్నప్పుడు 2 శాతం న్యాయం, డబ్బు కూడా పెడితే ఆ మేరకు పెంచండి. ఆలోచన దశలోనే కాలేజీకి 9, వదిలేసి వెళ్లిన స్నేహితుడికి 30 పోయాయంటే పెట్టుబడిదారుడు ఆ వాటాల పట్టిక చూసి లేచిపోతాడు. ఆ 30 సంగతి కూడా మీరే చూడాలి: చేరే రోజునే ఫౌండర్ల మధ్య ఒప్పందం రాయించి, షేర్లు నాలుగేళ్లలో దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా పెట్టించండి. ప్రాణస్నేహితులం, కాగితాలెందుకు అంటారు. స్నేహం నిలబడాలనే కాగితం.

గ్రాంటు డబ్బుకి విడి బ్యాంకు ఖాతా తప్పనిసరి. అందులో వచ్చిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే, యూసీలో (గ్రాంటు ఖర్చు చేసిన తీరు చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో) చూపించి తిరిగి కట్టాలి. జీతాలకు తాత్కాలికంగా వాడి మార్చిలో సర్దుదామనుకుంటే ఆడిట్‌లో తల ప్రాణం తోకకొస్తుంది. 2021లో మొదలైనప్పుడు సీడ్ ఫండ్ పథకంలో ప్రోటోటైప్ (నమూనా), ట్రయల్స్ కోసం 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల వరకు అప్పుగా లేదా కన్వర్టబుల్ డిబెంచర్లుగా (తర్వాత షేర్లుగా మార్చుకోగల రుణపత్రాలుగా) ఇచ్చే వీలు పెట్టారు. ఇలాంటి డబ్బు విడతలుగానే ఇవ్వాలి. విడతకు పెట్టే షరతు కొలవగలిగేదై ఉండాలి. “ఉత్పత్తి మెరుగుపరచాలి” అని రాస్తే గొడవే. “20 దుకాణాల్లో 60 రోజులు అమ్మి, దుకాణం వారీగా రెండో ఆర్డర్ బిల్లులు చూపాలి” అని రాస్తే ఇద్దరికీ స్పష్టం.

సీటుకు 18 నెలలు గడువు పెట్టండి, 12వ నెల నుంచి అద్దె పెంచండి. పొదిగే పెట్టెలో కోడిగుడ్డు ఉండేది 21 రోజులే.

కొన్ని మూతపడతాయి. చాలా ఇంక్యుబేటర్లు అక్కడ చేతులు దులుపుకుంటాయి, నష్టపోయేది విద్యార్థులు. కంపెనీ ఆగిపోయిందని ఊరుకుంటే ఏటా వేయాల్సిన ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్న్) ఫారాలకు ఒక్కోదానికి రోజుకు వంద రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. రెండూ కలిపి ఏడాదికి 73 వేలు. వరుసగా మూడేళ్లు ఫైలింగ్ లేకపోతే సెక్షన్ 164 కింద డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులు. ఇరవై నాలుగేళ్ల పిల్లకి తర్వాత మంచి ఆలోచన వచ్చినా అన్నాళ్లూ కొత్త కంపెనీలో డైరెక్టర్‌గా చేరే వీలుండదు. కాబట్టి బకాయి ఫైలింగులు పూర్తి చేయించి, బ్యాంకు ఖాతా మూయించి, కంపెనీ పేరును రిజిస్టర్ నుంచి తీసేయమని కోరే ఎస్‌టీకే-2 ఫారం వేయించేదాకా వెంట ఉండండి. ఆ ఫారం ఫీజు 10 వేలు, సీఏ ఖర్చు వేరే. ప్రతి స్టార్టప్ పేరున ఆ మొత్తాన్ని మొదటి విడత ఇచ్చే రోజునే ఇంక్యుబేటర్ సొంత నిధి నుంచి పక్కన పెట్టండి.