ముప్పై ఒకటో పాసేజీ

ఈరోజు ముప్పై ఒకటో పాసేజీ, అంటే కణాలను కొత్త డిష్‌లోకి మార్చడం ఇది ముప్పై ఒకటోసారి. మా గేదె గ్రాన్యులోసా కణాలు (అండాశయంలో అండం చుట్టూ ఉండేవి) ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి. ఉదయం మైక్రోస్కోపులో చూడగానే కళ్లు చెమర్చాయి.

కబేళా నుంచి అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీటి ఫ్లాస్కులో తెచ్చుకుంటూ రెండేళ్లు గడిచాయి. అండం పెరిగే పుటికలోకి సూది దించి ద్రవం లాగితే కణాలు వస్తాయి. బతికించడం పెద్ద పని కాదు, వాటి స్వభావం నిలపడమే కష్టం. సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) పోస్తే అడుగున పరుచుకుని, సాగిపోయి, కొవ్వు బిందువులతో నిండిపోతాయి. ఎదకు కారణమయ్యే ఈస్ట్రడయాల్ హార్మోన్‌ను మానేసి, అండం విడుదలయ్యాక ఊరే ప్రొజెస్టిరాన్ తయారీకి దిగుతాయి. ఎన్ని డిష్‌లు అలా పోయాయో! సీరం లేకుండా ఇన్సులిన్, కాస్త ఎఫ్‌ఎస్‌హెచ్ (పుటికలను పెంచే హార్మోన్) ఇచ్చి పెంచితే గుణం నిలుస్తుంది, ఆయుష్షు మాత్రం ఉండదు. అందుకే ఎస్‌వీ40 వైరస్ జన్యువు చేర్చాం. దాని నుంచి తయారయ్యే టీ యాంటిజెన్ అనే ప్రొటీన్, కణవిభజనకు కళ్లెం వేసే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లను కట్టిపడేస్తుంది.

1957లో చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి థియోడర్ పక్ తీసిన సీహెచ్‌ఓ కణాలు నేటికీ పెరుగుతున్నాయి. సంతాన చికిత్సల్లో ఇచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను వాటిలో తయారు చేస్తున్నారు. మాకు కావలసింది వేరు: అండాశయంలా పనిచేసే కణం.

ప్రతి వేసవిలో మా అమ్మ గేదెల మూగ ఎదను (బయటికి లక్షణాలు కనిపించని ఎదను) పసిగట్టలేక ఎంత బాధపడేదో నాకు తెలుసు. ఆ గుట్టు ఈ కణాల్లో వెతకాలి. ఈస్ట్రడయాల్‌కు ముడిసరుకైన ఆండ్రోస్టీన్‌డయోన్ ఇచ్చి, మీడియంను ఈస్ట్రడయాల్ పరీక్షకు పంపాను. ఫలితం సోమవారం.