పుండు మీద కారమా, ఉప్పా?

‘పుండు మీద కారం చల్లినట్టు’ అంటే దేవరకొండలో అయినా గద్వాలలో అయినా విడమరిచి చెప్పే పని లేదు. దీనికి ఇంగ్లిష్‌లో సరిజోడు ‘రబ్ సాల్ట్ ఇన్‌టు ద వూండ్’. కారం బదులు ఉప్పు, చల్లడం బదులు రుద్దడం. మన మాటనే పదానికి పదం మార్చి చిల్లీ పౌడర్ అంటే అవతలివాళ్లకు ఎక్కదు. పలకడం కూడా ‘వూండ్’ అనే. ‘వౌండ్’ అంటే ‘వైండ్’ అనే క్రియకు భూతకాలం, తాడు చుట్టారని అర్థం వస్తుంది.

ఎక్కడ వాడాలన్నదే అసలు చిక్కు. పత్తి ఏరే వేళకు వాన పడ్డదనుకోండి. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. మీటరు 15 చూపిస్తే బండి వెనక్కి తిప్పాల్సిందే. ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు, అంటే దెబ్బ మీద ఇంకో దెబ్బ. ఇంటికొచ్చి కూలబడ్డాక పక్క చేను పెద్దమనిషి వచ్చి, “తమ్మీ, ముందుగాల్నే ఏరమని చెప్పిన గదా, ఇన్నవా?” అంటాడు. ఉప్పు ఇదీ. ఆ మాటతో నష్టం రూపాయి కూడా పెరగలేదు, బాధ మాత్రం రెట్టింపయింది. మనిషి అనకుండా సంఘటనే అలా గుచ్చినా ఇంగ్లిష్‌లో ఈ మాట చెల్లుతుంది. ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’ మాత్రం ఇక్కడ పెట్టొద్దు. అది అగ్నికి ఆజ్యం, కోపాలకూ కొట్లాటలకూ వాడేది.

ఉప్పు ఎందుకు మండుతుందంటే, చర్మం తెగినచోట నరాల కొసలు బయటపడి ఉంటాయి, చిక్కటి ఉప్పు అక్కడి కణాల్లోని నీటిని లాగేస్తుంది. ఆస్పత్రి సెలైన్‌లో లీటరుకు 9 గ్రాములే ఉప్పు. మన ఒంటి ద్రవాలకు దగ్గరగా ఉంటుంది కనుక దానితో గాయం కడిగినా అంత మంట పుట్టదు. కారం దారి వేరు. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మిరప కూడా తట్టి లేపుతుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నిప్పుకూ మిరపకూ తెలుగులో ‘మంట’ అనే ఒకే మాట ఉండటం ఎంత సరిగ్గా కుదిరిందో!

ఒక వాడుకతో జాగ్రత్త. ‘ఐ డోంట్ వాంట్ టు రబ్ సాల్ట్ ఇన్‌టు ద వూండ్, బట్…’ అని మొదలుపెడుతుంటారు. మన ‘అనొద్దు గని…’ లాంటిదే. ఆ ‘బట్’ తర్వాత వచ్చేది దాదాపు ఎప్పుడూ ఉప్పే.