కొబ్బరాకు అల్లడం నాకొచ్చులే అనుకున్నా: మా దెపోక్ ఇంట్లో లెబారాన్ వంట

జకార్తా పక్కన దెపోక్‌లో ఉంటున్నాం. రంజాన్ పండగని ఇక్కడ లెబారాన్ అంటారు. ఆ వారం సగం వీధి సొంతూళ్లకి వెళ్లిపోతుంది, తోపుడుబండి మీద కూరలమ్మే అతను కూడా రాడు. మొదటి రెండేళ్లూ మేం నూడుల్స్‌తో గడిపేశాం. 2024లో మాత్రం పక్కింటి బూ ఊరెళ్లలేదు. పెద్దావిడల్ని ఇక్కడ బూ అనే పిలుస్తారు లెండి. కూతురు రావట్లేదు, కెతుపాత్‌కి కాస్త చేసాయం చేస్తావా అని అడిగింది.

కెతుపాత్ అంటే లేత కొబ్బరాకుతో గుప్పెడంత బుట్ట అల్లి, అందులో బియ్యం పోసి ఉడకబెట్టేది. నేను కోనసీమ పిల్లని, చిన్నప్పుడు కొబ్బరాకు వాచీలూ బూరలూ చేసినదాన్ని, పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు తిని పెరిగినదాన్ని, ఇదెంత పని అనుకున్నా. ఈనె తీసిన రెండు పాయల్ని చేతులకి చుట్టుకుని, ఒకదాని కింద నుంచి ఇంకోటి దూర్చుకుంటూ పోయి, చివర్లో కొసలు లాగితే బుట్ట బిగుసుకోవాలి. నావి లాగగానే ఊడొచ్చేవి. గంటలో నావి మూడు. ఆవిడవి టీవీ చూస్తూనే ఇరవై. ఇక లాభం లేదని బజార్లో అల్లి అమ్మేవి ఓ రెండు కట్టలు తెచ్చేశాం.

అసలు తప్పు నింపడంలో జరిగింది. బియ్యం సగానికే పోయాలి, ఉడికి ఉబ్బి మిగతా సగం అదే నింపుకుంటుంది. ఆవిడ నమాజుకి లేచినప్పుడు, పాపం మరీ ఖాళీగా ఉన్నాయే అని ఓ ఐదింటిలో నేను ముప్పావు దాకా పోసేశాను. చెప్పలేదు కూడా.

అది ఏప్రిల్ 9. పండగ రేపా, ఎల్లుండా అన్నది సాయంత్రం ప్రభుత్వం ప్రకటిస్తే గానీ తెలీదు. ఈవిడ మధ్యాహ్నానికే కుండ ఎక్కించేసింది. "నెలవంక సంగతి మంత్రిగారు చూసుకుంటారు, పొయ్యి సంగతి మనం చూసుకోవాలిగా" అంది. ఐదు గంటలు ఉడకాలి, బుట్టలు నీళ్లలో మునిగే ఉండాలి, తగ్గినప్పుడల్లా మరిగే నీళ్లే పోయాలి.

ఈలోపు ఓపోర్, అంటే కొబ్బరిపాల కోడికూర. ధనియాలు, వెల్లుల్లి, చిన్నుల్లిపాయలు, జీడిపప్పు చేసే పని చేసే కెమిరి గింజలు నూరి వేయించి, నిమ్మగడ్డి, సలాం ఆకు, అల్లంలా ఉండే లెంకువాస్ వేసి, పల్చటి పాలల్లో కోడిని ఉడికించి, చిక్కటి పాలు చివర్లో పోయాలి. పోశాక గరిటె ఆపితే పాలు విరుగుతాయి. అలవాటుగా నా చెయ్యి పసుపు డబ్బా మీదకి పోయింది, ఆవిడ ఠక్కున పట్టుకుంది. వేసే ఇళ్లూ ఉన్నాయిట గానీ, వాళ్ల జావా ఇంట్లో ఓపోర్ తెల్లగానే ఉండాలి.

రాత్రి మసీదు మైకుల్లో తక్బీర్, అంటే అల్లాహు అక్బర్ అనే స్తుతి, మోగుతుంటే కెతుపాత్‌లు గుత్తులుగా దండేనికి వేలాడదీశాం. కింద బకెట్‌లో టప్ టప్‌మని నీళ్లు. పొద్దున లేత పసుపుగా ఉన్న ఆకు ఎండుగడ్డి రంగుకి తిరిగింది, వాసన మాత్రం అచ్చం మా ఇంటి వెనక కొబ్బరితోటే.

మర్నాడు నమాజు తర్వాత కోసి వడ్డించింది. ఆవిడవి తెల్లగా, మెత్తగా, ఆకు అచ్చులతో ఎంత ముద్దుగా ఉన్నాయో. మా ఆయన మాంసమనుకుని లెంకువాస్ ముక్క కొరికి మొహం చిట్లించారు. ఇక్కడ అందరికీ జరిగేదేనట. తర్వాత కోసినదాంట్లో కత్తి సగంలో ఆగిపోయింది. మధ్యలో పలుకు పలుకుగా బియ్యం. లెబారాన్ రోజు ఒకళ్లనొకళ్లు తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు కదా, నేనూ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ మాట అంటూ బియ్యం సంగతి కూడా ఒప్పేసుకున్నా. నవ్వింది. మిగిలిన నాలుగు గట్టివీ వెతికి మరీ నాకే కట్టిచ్చింది.