తేయాకు మచ్చలు: మందు కొట్టాకే ఎక్కువయ్యాయి, కారణం దొరికింది

పదిహేను రోజుల టెన్షన్ నిన్న సాయంత్రం తీరింది. డాబా మీది నాలుగు తేయాకు మొక్కల్లో రెండోదాన్ని మాడ్చింది తెగులు కాదు, నేను మందు కలిపిన నీళ్లు.

వానలు తగ్గాక ముదురాకుల అంచుల్లో మచ్చలు మొదలయ్యాయి. మధ్యలో బూడిద రంగు, చుట్టూ వలయాలు, వాటి మీద సూదిమొనంత నల్ల చుక్కలు. గ్రే బ్లైట్ అనే బూజు తెగులు లక్షణాలే. బ్లిస్టర్ బ్లైట్ కావచ్చని ఒక మిత్రుడు అన్నాడు గానీ, అది నీలగిరుల్లాంటి చల్లటి కొండల్లో లేతాకు మీద పొక్కుల్లా వచ్చేది. గుంటూరు ఎండకి అది బతకదు.

మచ్చల ఆకులు తుంచేసి, ముందు రెండో మొక్కకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరుకు 3 గ్రాములు కొట్టాను. నాలుగో రోజుకి 31 ఆకుల్లో 19కి కొత్త మచ్చలు! భయమేసి మళ్లీ కొట్టాను. ఈసారి చిగుళ్లు కూడా నల్లబడ్డాయి.

అప్పుడు భూతద్దం పెట్టి చూశాను. కొత్తవన్నీ 1–2 మి.మీ. చుక్కలు, ఒక్కదానికీ వలయం లేదు. మందు జారి ఆగే ఆకు కొనల్లోనే ఎక్కువ. గ్రే బ్లైట్ పట్టేది ముదురాకుని, దెబ్బ తగిలిన ఆకుని. ఇక్కడ మాడింది లేత చిగురు. తూకం తేడానేమో అని వంటింటి కాటా మీద మళ్లీ తూచాను, 3 గ్రాములే. ఎండ కూడా కాదు, కొట్టింది ఐదున్నర దాటాక, షేడ్ నెట్ కింద. ఇక మిగిలింది నీళ్లు. తేయాకుకి పీహెచ్ 4.5–5.5 ఉండే పుల్లటి మట్టి కావాలి. మా బోరు నీళ్లు 8 దగ్గర ఉంటాయి కాబట్టి డ్రమ్ములో నిమ్మఉప్పు కలిపి ఉంచుతాను. మందు కలిపింది ఆ డ్రమ్ము నీళ్లలోనే! పీహెచ్ పేపరు ముంచితే 4.5 చూపించింది. పుల్లటి నీళ్లలో రాగి ఎక్కువగా కరిగి ఆకుని మాడుస్తుంది.

ఖాయం చేసుకోవడానికి నాలుగో మొక్కలో రెండు కొమ్మలకి రిబ్బన్లు కట్టాను. డ్రమ్ము నీళ్ల మందు పడ్డ ఎర్ర రిబ్బన్ కొమ్మలో 6 ఆకులకి 5 మాడాయి. మున్సిపల్ నీళ్ల మందు కొట్టిన తెల్ల రిబ్బన్ కొమ్మ పచ్చగా ఉంది.

మూడో మొక్కకి సాఫ్ అనే ఇంకో తెగులు మందు లీటరుకు 2 గ్రాములు కొట్టాను, కొత్త వలయం ఒక్కటీ రాలేదు. మందుల షాపాయన "మిర్చికి ఇదే కొడుతున్నారు బాబాయ్" అన్నాడు, మందు మంచిదే. కానీ అందులోని కార్బెండజిమ్ ఆకు లోపలికి ఎక్కుతుంది, అందుకే ఈ సీజన్‌లో ఆ ఆకు టీకి కోయను. ఆకు టీగా తాగే మొక్కలకి నా ఓటు రాగికే.

వచ్చే ఆదివారం 1 శాతం బోర్డో మిశ్రమం చేస్తాను: లీటరుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 10 గ్రాములు, సున్నం 10. ప్లాస్టిక్ బకెట్‌లో, మున్సిపల్ నీళ్లతోనే. ఇనుప చాకు ముంచి చూసి, ఎర్రటి పొర పడితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టే, ఇంకొంచెం సున్నం. ముందు తెల్ల రిబ్బన్ కొమ్మ మీదే కొడతాను.