మోల్ నదిలో యాభై క్యూసెక్కులు

నాన్నకి ఇంగ్లండ్‌లో అన్నీ నచ్చాయి, ఒక్క నదులు తప్ప. లండన్ రెండంతస్తుల బస్సు నచ్చింది, రెడింగ్‌లో అక్కావాళ్ల ఇంటెనక యాపిల్ చెట్టు నచ్చింది, ఆఖరికి ఆ చప్పిడి చీజ్ శాండ్‌విచ్ కూడా నచ్చింది. కానీ నది అని ఎవరైనా చూపిస్తే మాత్రం వంతెన మీద ఆగి, అటు చూసి ఇటు చూసి, "ఇదా?" అనేవారు. అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

ఆయన తప్పు కాదు లెండి. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు, మా తాతయ్య లొల్ల లాకుల దగ్గర లస్కరు, అంటే కాలవ గేట్లు ఎత్తి దించే మనిషి. మా ఇంట్లో నీళ్ల గురించి మాట్లాడుకున్నంత డబ్బుల గురించి మాట్లాడుకోలేదు. హాల్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన కాటన్ దొర ఫొటో ఉండేది, చిన్నప్పుడు ఆయన కూడా మా చుట్టాల్లో ఒకడనుకునేవాణ్ణి.

ఆ కాటన్ దొర సమాధి డోర్కింగ్‌లో ఉందని, రెడింగ్ నించి డైరెక్ట్ ట్రైనే అని బావ చెప్పడంతో మొదలైంది ఇదంతా. ట్రైనెక్కి చూసొచ్చేస్తే సరిపోయేది. బావకి ఈ మధ్య నడక పిచ్చి పట్టింది, గిల్‌ఫర్డ్‌లో దిగి కొండల మీదుగా నడుచుకుంటూ వెళ్దాం, రెండు రాత్రులు మధ్యలో పడుకుందాం, ఇక్కడ దీన్ని వాకింగ్ హాలిడే అంటారు అన్నాడు. అమ్మ ఒకటే అడిగింది, "కార్లో గంట కదా బాబూ, డబ్బులిచ్చి మరీ నడవడం ఏంటి?" అని. జవాబు లేదు. మోకాళ్లు నెప్పి అని తను అక్కతో, చంటోడితో ఇంట్లోనే ఉండిపోయింది. మేం నలుగురం, నాన్న, నేను, బావ, పదకొండేళ్ల మేనకోడలు చిన్ని, మే నెలాఖర్లో బయల్దేరాం. నాన్న బ్యాగులో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. ఎందుకండీ అంటే చెప్పలేదు.

నార్త్ డౌన్స్ వే అని ఫార్నమ్ నించి డోవర్ దాకా 153 మైళ్ల కాలిబాట అది, మనం నడిచేది అందులో చిన్న ముక్క. దారి తప్పకుండా ప్రతి మలుపులో ఓ చెక్క గుంజ, దాని మీద ఓక్ కాయ గుర్తు. నాన్నకి మతిపోయిన విషయం ఏంటంటే ఆ దారి జనాల పొలాల్లోంచే పోతుంది. ఎవడో బార్లీ వేసుకున్నాడు, మధ్యలోంచి మూరెడు బాట, మనం దర్జాగా నడుచుకుంటూ పోవచ్చు, ఎవడూ ఏమీ అనడు, అది హక్కట. "మన దగ్గరైతే ఈ బాట మీద మూడు తరాలు కోర్టుకి తిరిగేవోళ్లురా" అన్నారు. గొర్రెలు తప్పించుకోకుండా పొలానికీ పొలానికీ మధ్య గేట్లుంటాయి, మనం తీసి మళ్లీ వేసి వెళ్లాలి. ప్రతి గేటు దగ్గరా నాన్న ఆగిపోయేవారు. మేం వేసి వచ్చిందాన్ని మళ్లీ వెనక్కెళ్లి గొళ్లెం లాగి చూసి అప్పుడు వచ్చేవారు. లస్కరు కొడుకు.

మొదటిరోజు సెయింట్ మార్తాస్ కొండెక్కాం. పైన ఒంటరిగా ఓ చర్చి, రోడ్డు కూడా లేదు అక్కడికి. కింద లోయలో చిల్‌వర్త్ అని ఊరు, అక్కడ తుపాకి మందు మిల్లులు ఉండేవంట, 1600ల మొదట్లో పెట్టింది ఎవరంటే మన ఈస్టిండియా కంపెనీయే, చక్రాలు తిప్పింది టిల్లింగ్‌బోర్న్ అనే ఏరు. బావ ఇది చెప్పి ఊరుకోవచ్చుగా, "చూశారా మావయ్యగారూ, ఇక్కడ మందు నూరారు, అక్కడ పేల్చారు. మీ కాటన్ జీతం కూడా ఆ కంపెనీదే, గోదావరి జిల్లాలో శిస్తు పడిపోయిందనే ఆనకట్టకి డబ్బులిచ్చారు గానీ మన మీద ప్రేమతో కాదు" అన్నాడు.

నాన్న గబుక్కున తిరగలేదు. ఓ నాలుగడుగులు వేసి అన్నారు. "శిస్తు కోసమే బాబూ. ఎవరు కాదన్నారు? 1833 కరువులో తినడానికి లేక జనం చచ్చారు, అప్పుడూ కంపెనీయే ఉంది. కంపెనీ కట్టలేదు, ఆయన వెంటపడి కట్టించాడు. 1847లో మొదలెట్టి 52కల్లా అయిపోగొట్టాడు. ఇప్పుడు మన కాలవల్లో గుర్రపుడెక్క తియ్యడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది." తర్వాత న్యూలాండ్స్ కార్నర్ దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ టీ తాగాం, నాలుగు టీలకి పదమూడు పౌండ్లు. మనసులో నూటపదితో గుణించడం మానెయ్యమని అక్క ముందే చెప్పింది, మానలేకపోయాం.

ఆ రాత్రి షియర్‌లో. పోస్టుకార్డు మీద వేసినట్టుండే ఊరు, ఊరి మధ్యలోంచి అదే టిల్లింగ్‌బోర్న్ పారుతుంది, బాతులు. నాన్న ఆగి చూసి "ఇదా?" అన్నారు. శనివారం, ఆయన నీచు ముట్టరు, పబ్బులో ఆయనకి దొరికింది ఒకటే, ఉడకబెట్టిన బంగాళాదుంప పగలగొట్టి దాని మీద డబ్బా బీన్సు. పదకొండు పౌండ్లు. నేను చెప్పకూడదనుకున్నా కానీ చిన్ని చెప్పేసింది. ఆయన ప్లేటు కాసేపు చూసి, తొక్కతో సహా తిన్నారు.

రెండో రోజు గురించి రాయడానికేం లేదు, పొద్దుణ్ణించీ తుంపర. బీచ్ అనే జాతి చెట్ల కింద సుద్దమట్టి, చెకుముకి రాళ్లు, బూటు జారడం, బావ సారీ చెప్పడం. యుద్ధం రోజుల నాటి సిమెంటు బంకర్లు అక్కడక్కడా చెట్లలో ఉన్నాయి, ఒకదాని పక్కన నించుని పులిహోర తిన్నాం. డెన్‌బీస్ ద్రాక్షతోట మీదుగా దిగుతుంటే మాత్రం వాన ఆగి, డోర్కింగ్ ఊరంతా కింద కనపడింది. నాన్న తోట వరసలు చూసి "వీళ్లకి నీళ్లెట్టే పని లేదు, పైనించే పడతాయి" అని నిట్టూర్చారు. అది మెచ్చుకోలో కుళ్లో నాకు అర్థం కాలేదు.

అసలు చెప్పాల్సింది మూడోరోజు పొద్దున్న సంగతి. మోల్ నది మీద, బాక్స్ హిల్ కింద, దాటడానికి రాళ్లు పరిచి ఉంటాయి, పదిహేడు. అవతల నించి కొండ మీదకి మెట్లు. చిన్ని రాళ్ల మీద అటూ ఇటూ ఓ పదిసార్లు గెంతింది. బావ కొండెక్కుదాం అన్నాడు. నాన్న ఒడ్డున నించుని నీళ్లకేసి చూస్తున్నారు, నేను "ఇదా?" కోసం రెడీగా ఉన్నాను.

అనలేదు. "ఆ కర్రిలా ఇవ్వు బాబూ" అన్నారు బావని.

బావ దగ్గర నడక కర్ర ఒకటుంది, నలభై పౌండ్లు పెట్టి కొన్నాడు, సాగదీసుకోడానికి వీలుగా దాని మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. రెండ్రోజుల్నించీ వాడండి వాడండి అంటే ముసలాడిలా ఉంటుంది వద్దన్న మనిషి, ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒక్కో రాయి మీద ఆగుతూ నీళ్లలో ముంచి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, పైకి చదువుతున్నారు. నన్ను ఫోన్లో రాసుకోమన్నారు. తర్వాత ఒడ్డు వెంబడి ముప్ఫై అడుగులు కొలిచి ఇటో రాయి అటో రాయి పెట్టారు. చిన్నిని కింద రాయి దగ్గర స్టాప్‌వాచ్‌తో నించోపెట్టారు. ఓ ఎండుపుల్ల విరిచి ఏటి నడుముకి విసిరారు.

పుల్ల వెళ్తోంది. చిన్ని లెక్కపెడుతోంది. ఇంతలో ఎక్కణ్ణించో నల్ల లాబ్రడార్ ఒకటి ధబ్బున నీళ్లలో దూకి, పుల్ల నోట్లో పెట్టుకుని, ఈదుకుంటూ వచ్చి నాన్న కాళ్ల దగ్గర పెట్టి, ఒళ్లంతా విదిలించింది. నాన్న ప్యాంటు మొత్తం తడిసింది. వెనకాలే దాని యజమాని, నాన్న వయసే ఉంటుంది, సారీ సారీ అంటూ పరిగెత్తుకొచ్చాడు. నాన్న పర్లేదని ఇంకో పుల్ల విసిరారు. అదీ తెచ్చింది. దానికి ఇంతకంటే మంచి మనిషి ఈ జన్మలో దొరకలేదనుకుంటా, తోకతో నేలంతా ఊడుస్తోంది.

మూడో పుల్లకి ఆ పెద్దాయనకి డౌటొచ్చింది. ఏం చేస్తున్నారు అనడిగాడు. నాన్న ఆఫీసు ఇంగ్లీషులో, "మెజరింగ్ డిశ్చార్జి సార్" అన్నారు, అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు పారుతున్నాయో ఆ క్యూసెక్కుల లెక్క. చిన్ని మధ్యలో దూరి తన యాసలో విడమరిచి చెప్పింది. ఆయన నవ్వుతాడేమో అని నాకు భయం. నవ్వలేదు. కుక్క మెడపట్టీ పట్టుకుని తడి గడ్డి మీద కూలబడి, "వెయ్యండి, నేను పట్టుకుంటా" అన్నాడు. నాలుగోసారి పుల్ల దర్జాగా వెళ్లింది, ముప్ఫై అడుగులకి ఇరవయ్యైదు సెకండ్లు. కుక్క ఏడుపు మాత్రం వినలేకపోయాం.

నలభై అడుగుల వెడల్పు, సగటున అడుగుంబావు లోతు, పై నీళ్ల వేగానికి పదిహేను శాతం తీసెయ్యాలి ఎందుకంటే అడుగున మెల్లగా పారుతుంది, నోటిలెక్కే, ఫోన్ ముట్టుకోలేదు. "ఫిఫ్టీ క్యూసెక్స్. ఫిఫ్టీ వన్" అన్నారు. వర్షాకాలంలో ఎలా ఉంటుంది అంటే అప్పుడు రాళ్లు మునిగిపోతాయి అన్నాడు పెద్దాయన, పైగా బాగా ఎండాకాలమొస్తే ఇక్కణ్ణించి కిందకి నది ఉన్నట్టుండి సుద్దరాతి బొరియల్లోకి ఇంకిపోతుందట, కొంత దూరం అసలు కనపడదట. "సీపేజీ లాస్!" అన్నారు నాన్న, ఆ మొహం చూడాలి, పొద్దున్నే పేపర్లో తెలిసినవాళ్ల పేరు కనపడ్డట్టు.

మీ ఊరి నది ఎంత అనడిగాడాయన. మామూలు రోజు సంగతి చెప్పచ్చు కదా, 1986 వరద చెప్పారు. "థర్టీ ఫైవ్ లాక్స్." లక్షంటే ఆయనకి తెలీదు. చిన్ని మూడున్నర మిలియన్ అని మార్చి చెప్పింది. ఆయన నోట మాట లేదు. కాసేపాగి మోల్ నది వైపు ఎలా చూశాడంటే, క్లాసులో ఆఖరొచ్చిన మనవణ్ణి చూసినట్టు. అది చూసి నాన్నే సర్దిచెప్పారు, క్లీన్ వాటర్ సార్, వెరీ క్లీన్ వాటర్ అని.

కాటన్ పేరు మాత్రం ఆయన వినలేదు. ఇంకో రెండు మైళ్లలోపే ఉన్నాడు సమాధిలో. నాన్న రెండుసార్లు చెప్పి చూశారు, బ్యారేజీ, 175 గేట్లు, మూడు డెల్టాలు. ఆయన మర్యాదగా తలూపాడు. బావ నా వైపు చూశాడు, నేను కర్రకంటిన బురద తుడిచాను. కొండ ఎక్కలేదు, టైమైపోయింది.

రైగేట్ రోడ్డులో శ్మశానం. పెద్దది, వాలుగా ఉంది, ఇరవై నిమిషాలు వరసల మధ్య తిరిగాం. దొరికింది. మన వైపు ప్రతి ఊరి సెంటర్లో గుర్రమెక్కి ఉన్న మనిషికి ఇక్కడ పక్కవాళ్లతో సమానంగా కాస్త జాగా, అంతే. నాన్న 1803, 1899 కూడబలుక్కుని "తొంభయ్యారు" అన్నారు, లెక్క సరిపోయిందన్నట్టు. తర్వాత కింద కూర్చుని బూట్లు విప్పడం మొదలెట్టారు. అవి బావ కొనిచ్చినవి, చీలమండ దాకా తాళ్లు, రెండ్రోజుల బురదకి ముళ్లు రాయిలా బిగుసుకుపోయాయి. అక్కర్లేదు మావయ్యగారూ ఇక్కడెవరూ విప్పరు అని బావ అంటున్నా వినకుండా ఒక్కో ముడీ గోళ్లతో పీకుతున్నారు. చివరికి మొదటిరోజు అంత వాదించిన బావే కింద కూర్చుని రెండోది విప్పాడు. తడి గడ్డి మీద ఒట్టికాళ్లతో నించుని దణ్ణం పెట్టుకున్నారు. ఏమనుకున్నారో నాకు తెలీదు, పెదాలు కదిలాయి. మా ఊళ్లో పురోహితులు కొందరు గోదావరి స్నానం సంకల్పంలో ఆయన పేరు కలిపేవారని తాతయ్య చెప్పేవాడు, అదేనేమో.

పూతరేకుల డబ్బా అప్పుడు తీశారు. గన్నవరంలో ఎక్కి, దుబాయ్‌లో మారి, సామాను కింద పడి, మూడ్రోజులు వీపు మీద ఎగిరి, తెరిస్తే ఒక్క రేకు లేదు. బెల్లం నెయ్యీ కలిసిన పొడి. మొహం చూళ్లేకపోయాను. చిటికెడు పొడి ఆ రాతి వార ఆకు మీద పెట్టి మూతపెట్టేశారు.

మళ్లీ బూట్లు కట్టుకునేసరికి డీప్‌డీన్ స్టేషన్లో ట్రైన్ కళ్లముందే వెళ్లిపోయింది. రెండోది గంటకి. ప్లాట్‌ఫాం మీద టీ కొట్టు లేదు, గాలి కోసేస్తోంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని నలుగురం బావ దగ్గరున్న ఒక్క ప్లాస్టిక్ చెంచాతో వంతులేసుకుని ఆ పొడి తిన్నాం. చిన్నికి భలే నచ్చింది, ఇది పొడిగానే అమ్ముతారా తాతయ్యా అంటోంది.

"ఆ పుల్ల ఇంకోసారి వెయ్యాల్సింది" అన్నారు నాన్న. "ఒక్క రీడింగ్ మీద చెప్పకూడదు."