బరువెక్కిన చక్రం

గాలిమరతో బ్యాటరీ ఛార్జ్ చేద్దామని, మొదట పాత కారు ఆల్టర్నేటర్‌కే (తిప్పితే కరెంటు పుట్టించే భాగం) రెక్కలు బిగించాను. ఛార్జింగ్ రాలేదు. దానికి నిమిషానికి 1000 చుట్లయినా కావాలి, నా చెక్క రెక్కలు 300 కూడా దాటవు. అందుకే నెమ్మదిగా తిరిగినా కరెంటిచ్చేది సొంతంగా కట్టాను: రెండు ఇనుప పళ్లాలు, ఒక్కోదానికి 12 నియోడిమియం (చాలా బలమైన) అయస్కాంతాలు, మధ్యలో రెసిన్‌లో పోతపోసిన 9 రాగి చుట్టలు. ఆ అయస్కాంతాలతో మాత్రం జాగ్రత్త! రెండు ఠప్పున అతుక్కుని నా వేలు నలిగింది, గోరు ఇంకా నల్లగానే ఉంది.

నిన్న అనంతపురం దగ్గర మా పొలంలో, ఆషాఢం గాలి. ముందు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. చుట్టల నుంచి వచ్చే మూడు వైర్ల కొనలూ కలిపి మెలిపెట్టగానే బురదలో తిప్పినట్టు బరువెక్కింది. కరెంటు పుడుతోందని అప్పుడే తెలిసిపోయింది, ఒళ్లు పులకరించింది. కొనలు విడదీసి, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ల మీదుగా బ్యాటరీకి కలిపాను. షెడ్డులోంచి అమ్మ, "బల్బు వెలిగిందిరా!" అని కేకేసింది.